పెద్దల విడాకులు, పటాలం పింఛను

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి సైన్యంలో సిగ్నల్స్ టెక్నీషియన్‌గా. అప్పటికి నా తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. మీసాలు రాకముందే చేరినవాడు ముప్పై అయిదుకల్లా పింఛనుదారు కావడం పటాలంలో మామూలే. రెండోసారి మస్కట్‌లో, ఖురంలో అర్జీలు, ప్రమాణపత్రాలు రాసిపెట్టే ఒక చిన్న ఆఫీసు నుంచి. రేడియో సెట్టు బాగుచేయడం నేర్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఆ రెండో పని నేర్పేవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను. నా తరువాత ఆ కుర్చీలో కూర్చునే కుర్రాళ్ళకి, యూనిట్ నుంచి బయటికొచ్చి గల్ఫ్‌లో ఏదో ఒక పని చూసుకుంటూ పక్కవాడి పింఛను కాగితాలు కూడా చూసిపెట్టే ప్రతివాడికీ.

ముందే చెబుతున్నాను, ఇది చాలా మజా ఉన్న పని. పైకి చూస్తే సంతకాలు, ముద్రలు, జిరాక్సులు. లోపల మాత్రం ప్రతి ఫైలూ ఒక ఆగిపోయిన సెట్టు. కరెంటు ఎక్కడో ఒక చోట తెగింది. ఆ చోటు దొరికిన క్షణం ఉంటుందే, దాని కోసం నేను ఎన్ని శుక్రవారాలైనా సెలవు వదులుకుంటాను. వదులుకున్నాను కూడా.

మా ఆఫీసు, మా సుబేదార్ గారు

ఆఫీసు ఒక ఒమానీ అర్బాబుది, అంటే యజమానిది. ఆయన ఎప్పుడో వచ్చి ఖర్జూరాలు పెట్టి వెళ్ళేవాడు. నడిపేది సుబేదార్ అప్పలస్వామి గారు, శ్రీకాకుళం వైపు మనిషి, ఆయనా సైన్యంలో రిటైరైనవాడే. నేను ఆ ఆఫీసుకి కెమెరాలు బిగించడానికి వెళ్ళాను. బిగించడం అయ్యేలోపు ఒక సెక్యూరిటీ గార్డు పింఛను సమస్య విని, అది ఎందుకు ఆగిందో చెప్పాను. సుబేదార్ గారు నా నిచ్చెన పట్టుకుని, "ఒరే ఇంజినీరూ, దిగు. నీ ఉజ్జోగం ఇక్కడే," అన్నారు. అలా చేరాను.

ఒమాన్‌లో కాపలా ఉద్యోగాల్లో, డ్రైవర్లలో, స్టోర్లలో మన మాజీ సైనికులు చాలామంది. వాళ్ళకి ఏటా బతికి ఉన్నామని ధ్రువపత్రం కావాలి. ఊళ్ళో స్థలం అమ్మడానికి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. సర్వీసు పుస్తకంలో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఇవన్నీ మా పని. 2015 ప్రాంతంలో ఒకే ర్యాంకుకి ఒకే పింఛను వచ్చినప్పుడు మా మెట్లమీద కూడా మనుషులు కూర్చున్నారు.

సుబేదార్ గారికి కంప్యూటరు రాదు, రూల్సు నా అంత గుర్తుండవు. కానీ ఆయన ఒక నియమం పెట్టారు: వచ్చినవాళ్ళు సులైమానీ చాయ్, అదే పాలు లేని టీ, తాగేదాకా ఫైలు తెరవకూడదు. మొదట్లో నాకు చిరాకేసేది. క్యూ పెరిగిపోతోంది, ఈయన అల్లం వేయాలా వద్దా అని అడుగుతున్నాడు. తరువాత అర్థమైంది. కాగితంలో రాయని సంగతులు ఆ గ్లాసు సగం అయ్యేసరికి బయటికొస్తాయి. ఈ పనిలో సగం ఆ సంగతులే.

మాజీ భార్యకి ఏమీ రాదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కాబట్టి సూటిగా చెబుతాను. సైనికుడు చనిపోయాక వచ్చే కుటుంబ పింఛను, కోర్టులో విడాకులు తీసుకున్న భార్యకి రాదు. ఎన్నేళ్ళు కాపురం చేసినా రాదు. బోర్డర్‌లో ఆయన ఉన్నప్పుడు ఇల్లంతా ఆమే మోసినా రాదు. ఇది న్యాయమా అంటే నా మటుకు కాదు. కానీ రూలు అదే.

అయితే అక్కడ ఆగిపోకండి. విడాకులిచ్చిన భార్య ద్వారా కలిగిన పిల్లలు ఉంటే, తల్లికి విడాకులు కాకపోతే ఎంత వాటా వచ్చేదో అంత ఆ పిల్లలకి వస్తుంది. ఇరవై అయిదేళ్ళు నిండేదాకా, లేదా పెళ్ళో సంపాదనో మొదలయ్యేదాకా. బురైమీలో ఒక ఇంట్లో వంట చేసే ఆవిడకి ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ బల్లమీద చెయ్యి కొట్టి, "నాకెందుకయ్యా ఆ పాడు మనిషి సొమ్ము, మావాడి చదువుకొస్తే చాలు!" అని పకపకా నవ్వింది. మా ఆఫీసులో అలాంటి నవ్వు విన్న రోజు నాకు భోజనం కూడా గుర్తుండేది కాదు.

కాబట్టి ఎవరైనా "మాజీ భార్య" అన్న మాటతో లోపలికొస్తే ఈ వరసలో అడగండి. ఒకటి, పెళ్ళి ఏ పద్ధతిలో జరిగింది? రెండు, విడాకులు ఎవరు ఇచ్చారు? మూడు, పిల్లలు ఎవరెవరికి ఎందరు? రెండో ప్రశ్న వింతగా ఉంటుంది. అడగండి. ఎందుకో చెప్పడానికే మిగతా అంతా.

బహ్లా నుంచి వచ్చిన సిస్టరు

ఒక శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక నేరుగా మా ఆఫీసుకి ఒక నర్సు వచ్చింది. పేరు రత్నకుమారి, ఊరు ఏలూరు దగ్గర. మస్కట్‌కి దూరంగా బహ్లాలో ఒక ఆసుపత్రిలో డ్యూటీ. చేతిలో బైబిలు సంచి, ఇంకో చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు.

"వందనాలండి. ఇక్కడ నో అబ్జెక్షన్ కాగితాలు టైపు చేస్తారంటండి?"

"చేస్తం అక్కా. కూసోండ్రి. ఎవలికి, దేనికి?" అన్నాను. నాది జగిత్యాల. ఆఫీసులో ఎన్నేళ్ళున్నా నా మాట మారలేదు.

"మా ఆయన... అదే, మాజీ అండి. విడాకులైపోయి పదేళ్ళు దాటింది. హవల్దారుగా రిటైరయ్యాడు. మొన్న ఎండాకాలంలో కిడ్నీలు పాడై చనిపోయాడండి. పింఛను సలోమికి రావాలి కదా, తరవాత చేసుకున్నావిడకి. బ్యాంకోళ్ళేమో పింఛను కాగితాల మీద ఉన్న ఫోటో, పేరు నావి అంటన్నారంట. నాకు విడాకులైపోయినయ్యి, అభ్యంతరం లేదు అని రాసిచ్చేస్తే అయిపోద్ది. కాస్త తొందరగా చెయ్యండి బ్రదర్, బస్సుంది."

సుబేదార్ గారు ఆమె ముందు సులైమానీ పెట్టి, ఎదురుగా కూర్చున్నారు.

"ఆయమ్మ మీద నీకు కోపం నేదేటమ్మా?"

"మొదట్లో ఉండేదండి. ఆయన మంచాన పడ్డాక డయాలసిస్‌కి తిప్పిందెవరు? ఆవిడే. నేను నర్సునయ్యుండి ఇక్కడ ఎవరెవరికో సెలైన్లు ఎక్కించాను, ఆయనకి ఎక్కించలేదు. ఆ పింఛను ఆవిడ కష్టమండి."

నేను కంప్యూటర్‌లో పాత నమూనా తెరిచాను. అందులో ఖాళీలు ఉంటాయి: కోర్టు పేరు, డిక్రీ నంబరు, తేదీ.

"డిక్రీ నంబరు జెప్పండ్రి."

"డిక్రీ అంటే?"

"విడాకులిచ్చిన కోర్టు కాగితం అక్కా."

"కోర్టుకెందుకెళ్తామండి? మా సంఘ పెద్దలు కూర్చున్నారు. నేను మస్కట్ వెళ్తానంటే ఆయన వద్దన్నాడు, వెళ్తే కాపురం వద్దన్నాడు, నేను సరే అన్నాను. పాస్టరు గారు ప్రార్థన చేశారు. స్టాంపు కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. నా బీరువా, కుట్టుమిషను ఆటో ఎక్కించేశారు. ఇంకేం కావాలండి?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కరెంటు తెగిన చోటు దొరికింది!

"అక్కా! మీకు విడాకులు కాలే!"

ఈ పొరపాటు మన ఊళ్ళకే ప్రత్యేకం. కోర్టుకెక్కడం అంటే పరువు పోవడం, ఏళ్ళు తిరగడం. అందుకని పెద్దలు కూర్చుంటారు. ఇచ్చిన సామాను తిరిగి ఇప్పిస్తారు, పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేలుస్తారు, కాగితం రాయిస్తారు. రెండు వైపులా అన్నం తిని లేస్తారు. ఆ రోజు నుంచి ఊరికి అది విడాకులే. మగాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు, ఆడది తన బతుకు తను చూసుకుంటుంది. ఆ పెద్దలు చెడ్డవాళ్ళు కారు, కొట్లాటలు ఆపుతారు. కానీ ఆ కాగితం ఏ పని చేయదో మాత్రం చెప్పరు. చర్చిలో జరిగి రిజిస్టర్‌కెక్కిన పెళ్ళిని రద్దు చేయగలిగేది కోర్టు ఒక్కటే. కొన్ని హిందూ కులాల్లో ఆచారం ఉందని నిరూపిస్తే వేరే సంగతి. క్రైస్తవ పెళ్ళికి ఆ దారి లేదు. సైన్యం కూడా డిక్రీ లేనిదే రికార్డులో భార్య పేరు కొట్టివేయదు. అందుకే హవల్దారు రిటైరైన నాటికి కూడా రత్న సిస్టర్ పేరు అక్కడే ఉంది.

ఇదంతా నేను గబగబా చెప్పేస్తున్నాను. పింఛను మీదే, బాకీతో సహా వస్తది, ముప్పై ఏళ్ళు బతికితే ముప్పై ఏళ్ళూ వస్తది అంటున్నాను.

ఆమె నా మాట మధ్యలో ఆపింది. "అంటే... ఇన్నేళ్ళూ నేను ఆయన భార్యనేనా?"

"చట్టం లెక్కల మీరే. ఇప్పుడు మీరు ఆయన విడో, గందుకే..."

"ఒరే ఇంజినీరూ, నోరు ముయ్యి," అన్నారు సుబేదార్ గారు. "లాటరీ తగిలినట్టు సెప్తన్నావు. ఆయమ్మకి మొగుడు ఇప్పుడే సచ్చిపోనాడ్రా."

రత్న సిస్టర్ చున్నీ తలమీదికి లాక్కుంది. ఏడుపు శబ్దం లేకుండా చాలాసేపు వచ్చింది. తరువాత మొహం తుడుచుకుని, "ఫోనొచ్చినప్పుడు ఏడవలేదండి. ఏ వరసతో ఏడవాలో తెలీలేదు," అంది.

కుర్రాళ్ళూ, ఇక్కడ ఒక నిమిషం ఆగండి. నియమం కనిపెట్టిన సంతోషం మనది. ఆ నియమం వెళ్ళి తగిలేది ఎదుటి మనిషికి. రెండూ ఒకే కుర్చీలో జరుగుతాయి.

ఎవరికీ రాని పింఛను

చల్లారిన చాయ్ తీసేసి సుబేదార్ గారు ఇంకోటి పోశారు. ఆమె సగం తాగి, నర్సులు డ్యూటీ మారేటప్పుడు మాట్లాడినట్టు స్థిరంగా అడిగింది.

"సరే బ్రదర్. నేను భార్యనే అనుకోండి. అయినా నాకొద్దని రాసిచ్చేస్తాను. అప్పుడు సలోమికి వచ్చేస్తది కదా?"

"రాదక్కా."

"అదేంటండీ, నాదైతే నా ఇష్టం కదా?"

కాదు. కుటుంబ పింఛను పొలం లాంటిది కాదు, రాసివ్వడానికి. వీలునామాకి కూడా లొంగదు. మొదటి పెళ్ళి నిలిచి ఉంది కాబట్టి రెండోది చట్టంలో చెల్లదు. సలోమి ఆయనకి ఎంత చాకిరీ చేసినా ఆమె పేరున పింఛను పుట్టదు. రత్న సిస్టర్ వదిలేస్తే అది సర్కారు దగ్గరే ఉండిపోతుంది. పైగా విడాకులైనాయని రాయడం అబద్ధపు ప్రమాణం.

ఇదంతా విని ఆమె బైబిలు సంచి భుజానికి తగిలించుకుంది.

"అయితే నాకూ వద్దండి. ఆవిడ చేసిన చాకిరీకి నేను జీతం తీసుకోను. మా పాపని చదివించుకోడానికి నాకు రెక్కలున్నాయి."

తలుపు దాకా వెళ్ళింది. ఎక్కడా తప్పులేని కేసు, కళ్ళముందే చచ్చిపోతోంది. పింఛను ఈమెకీ లేదు, ఆమెకీ లేదు. అప్పుడు సుబేదార్ గారు తాపీగా అడిగారు.

"అమ్మా, సలోమికి పిల్లలేటైనా ఉన్నారా?"

"ఒక పాపండి. ఈ ఏడే బళ్ళో వేశారంట. ఎందుకండి?"

మూడో ప్రశ్న! నేను అడగాల్సిన వరసలోదే, ఆవేశంలో దాని దాకా పోలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి సర్క్యులర్ల ఫోల్డరు వెతికాను. దొరికింది. పెళ్ళి చెల్లకపోయినా ఆ పెళ్ళి వల్ల పుట్టిన బిడ్డకి తండ్రి కుటుంబ పింఛనులో వాటా ఉంది. చట్టబద్ధమైన భార్యకి సగం, ఆ బిడ్డకి సగం. బిడ్డ మైనరు కాబట్టి సంరక్షకురాలిగా తల్లి తీసుకుంటుంది. తల్లి, అంటే సలోమి!

"అక్కా, కూసోండ్రి, కూసోండ్రి! సలోమికి ఇయ్యరాదు గనీ, ఆమె బిడ్డకు వస్తది! ఇది దానం గాదు, పాప హక్కు. మీరు వద్దంటే మీ సగం పోతది గనీ, ఇద్దరు గలిసి అడిగితే రెండూ సాఫ్‌గ వస్తయి!"

సుబేదార్ గారు ఈసారి నోరు ముయ్యమనలేదు. సులైమానీ గ్లాసు పైకెత్తి, "సెప్పరా, ఇప్పుడు గెంతు," అన్నారు.

ఒక్క ముడి మిగిలింది. హవల్దారు ఆ పాప పేరు సైన్యం రికార్డు ఆఫీసులో ఎప్పుడూ ఎక్కించలేదు. రెండో పెళ్ళి సంగతి బయటపడుతుందని భయపడి ఉంటాడు. పుట్టిన సర్టిఫికెట్టులో తండ్రి పేరు ఉంది. కానీ చట్టబద్ధమైన భార్య అడ్డం తిరిగితే అది ఏళ్ళు నానుతుంది. ఆమే ఒప్పుకుని రాస్తే దారి తేలిక. అటువైపు సలోమి కూడా తన పెళ్ళి చెల్లదని ఒప్పుకుంటూ రాయాలి. ఈ ఇద్దరు ఆడవాళ్ళు అప్పటిదాకా ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

స్పీకర్ ఫోన్

రత్న సిస్టరే నంబరు కలిపింది. స్పీకర్ పెట్టమని సుబేదార్ గారు సైగ చేశారు.

"హలో, ఎవరండీ?"

"నేను రత్నని. మస్కట్ నుంచి."

అవతల టీవీ ఆపిన చప్పుడైంది. తరువాత, "కాగితం పంపారాండి మేడం గారూ?"

"ఆ కాగితం పంపట్లేదు."

"మా తమ్ముడు ముందే అన్నాడండి, చూడు, ఆవిడ పంపదు అని."

"మీ తమ్ముడి సంగతి తరవాత. ముందు విను." రత్న సిస్టర్ మొత్తం చెప్పింది. నేను చెప్పినదానికంటే బాగా చెప్పింది, మందులు ఏవి ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టు. సగం నీ పాపకి, నీ చేతికే వస్తుంది అని చెప్పింది. అందుకు నువ్వు రాయాల్సింది ఇది అని చివర చెప్పింది.

"అంటే ఆయనకి నేనేమీ కానని రాయాలాండి?"

నేను కీబోర్డు వైపు తిరిగి రత్న సిస్టర్ కాగితం టైపు చేయడం మొదలుపెట్టాను.

"మీకేంటండీ," అంది సలోమి. గొంతు పెరిగింది. "మీకు ఉద్యోగం ఉంది, నలుగురూ సిస్టరు గారు అంటారు. నాకు ఊళ్ళో హవల్దారు గారి భార్య అన్న పేరొక్కటే ఉంది. అదీ లాగేసుకుంటారా?"

"నేను లాక్కోవట్లేదు సలోమీ. నాకూ ఇప్పుడే, ఇక్కడే చెప్పారు నేను భార్యనని. ఏం చేసుకోను దాంతో?"

సుబేదార్ గారు ఫోను దగ్గరికి వంగారు. "అమ్మా, నాను సుబేదార్ని, ముసలోణ్ణి. ఊరికేటీ సెప్పక్కర్నేదు. రికార్డాఫీసుకి సెప్తే సాలు. ఊళ్ళో నిన్నెవరూ కాదనరు. ఆఫీసోడు మాత్రం కాగితమే సూస్తాడు. మరి నీ పాప సదువుకోవాలా, వద్దా?"

ఫోన్లో వెనకాల ఎక్కడో ప్రెషర్ కుక్కరు కూత వినిపించింది.

"మరి మా పాపని ఏమని రాస్తారండి మీ కాగితంలో?"

అప్పటికే నేను రత్న సిస్టర్ ప్రమాణపత్రం టైపు చేసి ప్రింటు తీశాను. రూలులో ఎలా ఉందో అలాగే రాశాను: చెల్లని వివాహం వల్ల కలిగిన సంతానం. ఆమె దాన్ని చదివి, ఫోను పక్కన పెట్టి, పెన్ను తీసి ఆ లైను అడ్డంగా కొట్టేసింది.

"అక్కా, గా మాట లేకుంటే ఫైలు వాపస్ వస్తది," అన్నాను.

"మీ రూలు మాట కింద నంబరేసి పెట్టుకోండి బ్రదర్, నేను వద్దనను. పైన మాత్రం నేను చెప్పింది రాయండి." తరువాత ఫోనుకి వినపడేలా చెప్పింది. "రాయండి. నాకు ఒక కూతురు. నా భర్తకు ఇద్దరు. చిన్నదాని తల్లి పేరు సలోమి."

ఫోన్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఉండండి," అంది సలోమి. "పెన్ను తెచ్చుకుంటాను. నేనేం రాయాలో చెప్పండి."

ఆ వాక్యం మీద రికార్డు ఆఫీసు ఏ అభ్యంతరమూ పెట్టలేదు. పాప ఫోటో మసగ్గా ఉంది, మళ్ళీ పంపమంది, అంతే. మంజూరు వచ్చిన రోజు నేను ఆఫీసులో అరిచిన అరుపుకి పక్క సెలూన్ నుంచి సగం గడ్డంతో ఒకతను వచ్చి చూశాడు. బహ్లా ఆసుపత్రికి ఫోన్ చేశాను. రత్న సిస్టర్ వార్డులో ఉంది.

"అక్కా! వచ్చింది!"

"పాపదా?"

"ఇద్దరిదీ. సగం సగం."

"పాపది వచ్చిందని సలోమికి చెప్పారా?"

"ఇంకా లే, ముందు మీకే..."

"అయితే పెట్టేయండి బ్రదర్, నేను చేస్తాను," అని ఆమే ఫోన్ పెట్టేసింది.